అమ్మ కప్పిన దుప్పట్లు

మదనపల్లె దగ్గర ఒక కొండ మీద అచలమ్మ గారి ఆశ్రమం ఉండేది. దాని ముందు చిన్న పచ్చిక. సాయంత్రాలు అమ్మ అక్కడే కూర్చుని శిష్యులతో మాట్లాడేవారు. ఆ ఏడు ఎండలకు గడ్డి పలచబడి, నేల గట్టిపడిపోయింది.

బాగుచేస్తానని పరాంకుశం అనే శిష్యుడు ముందుకొచ్చాడు. అమ్మ సేవ అంటే అతనికి ప్రాణం.

"జల్లించిన మట్టీ, ఇసకా, ఆకుల ఎరువూ కలిపి పైన పలచగా చల్లు నాయనా. గడ్డి కొనలు కనబడుతూ ఉండాలి," అన్నారు అమ్మ.

అమ్మది పొదుపు చెయ్యి అనుకున్నాడు పరాంకుశం. తనది పెట్టే చెయ్యి. ఎరువూ మట్టీ బండ్ల కొద్దీ తోలించాడు. జానెడు మందాన పరిచి, అణగదొక్కి, పైన నీళ్లు కొట్టాడు. పచ్చిక ఎక్కడుందో ఆనవాలు లేకుండా పోయింది.

ఎన్నాళ్లు చూసినా ఒక్క పరక పైకి రాలేదు. గుప్పెడు మట్టి తీసి చూస్తే కింద గడ్డి పసుపు తిరిగి, మెత్తబడి ఉంది. గురుపౌర్ణమి ముంచుకొస్తోంది. పరాంకుశానికి ఏడుపు ఒక్కటే తక్కువ.

"అమ్మా, ఈ గడ్డికి విశ్వాసం లేదు. ఇంత పెట్టానే!"

అమ్మ అతని మొహం చూశారు. "బాగా అలిసిపోయావు. ఈ అరుగు మీద పడుకో."

పడుకున్నాడు. అమ్మ తన శాలువా తీసి కప్పారు. పరాంకుశం ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకు తనకు దీక్ష ఇస్తున్నారనుకుని కళ్లు మూసుకున్నాడు.

శాలువా మీద దుప్పటి పడింది. దుప్పటి మీద బొంత. వంట చేసే గురప్పను కేకేసి అమ్మ గొంగళ్లు తెప్పించారు. హాల్లో జంపఖానా ఎత్తించారు.

పక్కనే నిలబడ్డ మునెమ్మ అనే శిష్యురాలికి కుళ్లు పుట్టింది. "నాకెప్పుడమ్మా ఈ భాగ్యం?"

"ముందు వీడిది కానీ," అన్నారు అమ్మ.

ఖాళీ బియ్యం గోతాలు కూడా పడ్డాక కుప్ప కదిలింది. లోపలి నుంచి సన్నటి గొంతు వినబడింది.

"అమ్మా! ఊపిరాడటం లేదు!"

అమ్మ కుప్ప మీదికి వంగారు. "కాస్త ఓర్చుకో నాయనా. నా ప్రేమ ఇంకా సగం కూడా అవలేదు. పరుపులు వస్తున్నాయి."

కుప్ప ఒక్కసారిగా తిరగబడింది. చెమటతో ముద్దైపోయి, తల మీద గోతంతో పరాంకుశం బయటపడ్డాడు. మునెమ్మ మెల్లగా వెనక్కి తగ్గింది. "నాకేం తొందర లేదమ్మా," అంది.

అమ్మ శాలువా దులిపి భుజాన వేసుకున్నారు.

"నీకు నోరుంది, బతికిపోయావు."

పరాంకుశం అమ్మ వైపు చూశాడు. మరుక్షణం, తల మీద గోతమైనా తియ్యకుండా పచ్చిక దగ్గరికి పరుగెత్తి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులా మట్టి తోడసాగాడు.