మోదుగ రెమ్మ ఉన్న వైపు

ఎర్రకొండ అడవికి తూర్పున ఒకటి, పడమర ఒకటి అగ్గికాపలా మెట్టలుండేవి. మెట్టకో ఏనుగు. నిప్పు కనబడితే తీతువు నాంచారమ్మ అరవాలి, ఏనుగు తొండంతో వాగునీళ్లు తెచ్చి పోయాలి. అందుకు ఇంటికో మోపు పచ్చిమేత.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేత సగమైంది. ఒక ఏనుగు పొట్ట చేతబట్టుకుని వలసపోయింది. ఎంత పెద్ద పొట్టో పాపం. మిగిలిన ఏనుగు భద్రాచలం ఒక్కడే.

అడవిలో పెద్దరికం చేసే నక్క కోటిలింగం అందరినీ పిలిచాడు.

"కాపలా వెంట్రుకవాసి కూడా తగ్గదు. వంతులేస్తున్నాం, అంతే. ఒకరోజు తూర్పు, ఒకరోజు పడమర. మోదుగ రెమ్మ ఏ మెట్ట మీదుంటే భద్రాచలం అక్కడ. రెమ్మను విడిచి అడుగు కదపకూడదు. రోజూ రెమ్మ పెట్టే పని నాది."

నాంచారమ్మకు అర్థం కాలేదు. తూర్పుమెట్ట కింద రాళ్ల మధ్య ఆమె గుడ్లు నాలుగున్నాయి. ఎత్తుకుని పారిపోయే వీలు లేదు.

"అన్నా, పడమర వంతు రోజున నిప్పు తూర్పున పుడితే?"

"దానికీ కబురు పెడదాంలే, వంతు చూసుకుని రమ్మని!"

అందరూ నవ్వారు. ఎందుకో తెలియకుండానే ఆమె కూడా నవ్వింది.

మర్నాడు రెమ్మ పడమర. ఆ మర్నాడూ పడమరే. మూడోనాడూ అంతే. తనే లెక్క తప్పిందా? భద్రాచలాన్ని అడిగింది.

"రెమ్మ ఎక్కడుంటే నేనక్కడ, చెల్లెమ్మా. మిగతాది నన్నడక్కు."

కోటిలింగాన్ని అడిగింది. ఆయన గుహ పడమటి మెట్ట పక్కనే.

"గుడ్లు పెట్టాక నీకు మతి నిలవట్లేదమ్మా. నిన్న తూర్పే కదా!"

కాబోలు అనుకుంది. ఎండకు గుడ్లు మాడకుండా వాగులో పొట్ట తడుపుకొచ్చి, వాటిమీద కూర్చుంది. నిన్న తూర్పా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

పదిహేనో రోజు పొద్దున ఇక ఉండబట్టలేదు. రెమ్మను ముక్కున కరుచుకొచ్చి తూర్పుమెట్ట మీద పెట్టింది. వెనకే భద్రాచలం వచ్చి నిలబడ్డాడు. దొంగతనం చేసినదానిలా ఆమె గబగబా గుడ్ల మీదకు చేరింది.

మిట్టమధ్యాహ్నం పొగ లేచింది. పడమరన.

నాంచారమ్మ గొంతు పగిలేలా అరిచింది. కోటిలింగం పరుగెత్తుకొచ్చాడు.

"భద్రాచలం! నా గుహ! రా!"

"రెమ్మ ఇక్కడుంది. విడిచి కదలొద్దన్నది నువ్వేగా అన్నా?"

"ఎవడు మార్చాడు దాన్ని? పదిహేను రోజులుగా పడమరే ఉంచుతున్నాను!"

అప్పటికే అరుపు విని అందరూ చేరారు. ముళ్లపంది మంగతాయారు ముళ్లు లేచాయి.

"రోజూనా? మరి మా తూర్పు వంతో?"

కోటిలింగం నోరు మూసుకున్నాడు, కానీ మాట బయట పడిపోయింది.

మతి పోలేదన్నమాట! నాంచారమ్మకు అదొక్కటే తట్టింది. మిగతా ఏదీ తేలలేదు. కాలేది నక్క గుహ. కానీ ఆ పక్కనే కుందేలు పిల్లలున్నాయి. తను వెళితే గుడ్లు ఎండపాలు. వెళ్లకపోతే? మంగతాయారు వంక చూసింది.

"పోవమ్మా, నేను నీడపడతాను. ముళ్లు తగలనివ్వను," అందామె.

నాంచారమ్మ రెమ్మను ముక్కున కరుచుకుని ఎగిరింది. రెమ్మ కదిలింది, వెనకే భద్రాచలమూ కదిలాడు, వాగునీళ్లు తెచ్చి పోశాడు. కుందేళ్లు దక్కాయి. కోటిలింగం గుహలో బూడిద మిగిలింది, తోకకు సగం వెంట్రుకలు మిగిలాయి.

ఆ సాయంత్రమే రెమ్మను వాగులో పారేశారు. భద్రాచలాన్ని రెండు మెట్టల నడుమ కనుమలో నిలబెట్టారు. ఇంటికి మోపు కాకపోయినా పిడికెడు మేత అన్నారు. కోటిలింగం వంతు పిడికెడు అందరికంటే ముందే వచ్చింది.

నాంచారమ్మ తడిసిన పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంది. నాలుగూ ఉన్నాయి. మళ్లీ చూసుకుంది. నాలుగే. తను చేసింది తప్పో ఒప్పో ఇంకా తేల్చుకోలేకపోతోంది.

కరువులో కాపలాను తన గుమ్మానికి తిప్పుకున్నవాడు, అది అవసరమైన రోజున తన నోటితోనే దొరికిపోతాడు.