తూముకోట వెదురుతట్ట

అనగనగా ఒక రాజ్యం. రాజ్యం పేరు తూముకోట, రాజు పేరు గజకేతు మహారాజు. రాజుగారికి ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముగ్గురు కొడుకులున్నారు. వీటన్నిటినీ మించిన ఆస్తి ఇంకొకటుంది. అది కోట పక్కనున్న పెద్ద చెరువు. వానాకాలం కొండల మీంచి దూకే గవ్వలేరును అది కడుపులో దాచుకునేది. ఎండాకాలం ఆ నీళ్ళనే కొంచెం కొంచెంగా అందరికీ పంచేది. అందుకని తూముకోటకి వరదంటే తెలియదు, కరువంటే తెలియదు.

ఊరికే తెలియకుండా పోలేదు పిల్లలూ! దానికొక ఆచారం ఉండేది. ప్రతి ఏడూ రోహిణి ఎండలకి చెరువు అడుగంటగానే రాజు చెప్పులు విడిచి చెరువులోకి దిగేవాడు. తాతలనాటి వెదురుతట్ట నిండా పూడికమట్టి నెత్తికెత్తుకుని దిగువ పొలాల దాకా మోసేవాడు. రాజు ఎత్తాక మంత్రి ఎత్తేవాడు, మంత్రి ఎత్తాక ఊరు ఎత్తేది. రాచతట్ట లేవనిదే చెరువులో పార దిగకూడదు. రాచతట్ట లేచాక ఇంట్లో మనిషి కూర్చోకూడదు. అలా మోసి మోసి చెరువు లోతు కాపాడుకునేవారు.

గజకేతు మహారాజు నీలిరంగు పట్టు తలపాగా కొత్తగా నేయించుకున్న ఏడు, రోహిణి రానే వచ్చింది.

"ఇంత అందమైన తలపాగా మీద మట్టా?" అన్నాడు రాజు. "ఆ వెదురుది అవతల పారెయ్యండి. బంగారు తట్ట చేయించి, ఒక్క చిటికెడు మట్టి వేసి ఏనుగు మీద ఊరేగించండి. మర్యాద మర్యాదే కదా!"

రాజు బంగారు తట్ట పంపితే మంత్రి ఊరుకుంటాడా? వెండి తట్టలో చిటికెడు పంపాడు. షావుకార్లు ఇత్తడి తట్టల్లో చిటికెడు పంపారు. ఊళ్ళోవాళ్ళు ఆకుదొన్నెల్లో చిటికెడు తెచ్చారు. మేళాలు మోగాయి, పులిహోర పంచారు, అందరూ చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయారు. చెరువు మట్టి చెరువులోనే ఉంది. మరుసటి ఏడూ అంతే, ఆ మరుసటి ఏడూ అంతే. ఒక్కడంటే ఒక్కడికి సిగ్గనిపించలేదు. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది.

అప్పుడు ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమ్రజటి అనే మాంత్రికుడు వచ్చాడు. "మహారాజా, మూల పడేసిన ఆ వెదురుతట్ట నాకిప్పించండి" అన్నాడు.

"తీసుకుపో, పీడ విరగడయింది!" అన్నాడు రాజు. ఎందుకని కూడా అడగలేదు.

మాంత్రికుడు తట్టతో మాయమయ్యాడు. ఆ తరవాత కష్టాలు మొదలయ్యాయి. వాన కురిస్తే నీళ్ళు పట్టడానికి చెరువులో చోటేది? కట్ట పొర్లి, కట్ట కింద ఉన్న దిగువపేట మీద పడేవి. ఎండ కాస్తే నిలవున్న నీళ్ళేవి? వాకిట్లో కళ్ళాపి చల్లేటన్ని కూడా మిగిలేవి కావు. పైగా రాజుగారిలా అందరికీ నీలి తలపాగాలే కావాలి. కోట నిండా రంగుల బానలు వెలిశాయి. ఆ బానలు కడిగిన నీళ్ళన్నీ చెరువులోకే. చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలేసి చచ్చాయి. ముంచే నీళ్ళు, ఎండే నీళ్ళు, కుళ్ళే నీళ్ళు, మూడూ ఒక్క ఊరికే వచ్చాయి.

"ఇదంతా ఆ మాంత్రికుడి పనే!" అన్నాడు రాజు. ముగ్గురు కొడుకుల్నీ పిలిచి, "ఈ పీడ వదిలించినవాడికే సింహాసనం" అన్నాడు.

పెద్దవాడు జయకేతుడు వరద పని పట్టాడు. కోట చుట్టూ ఎత్తుగా గోడ కట్టించాడు. కోటలోకి చుక్క రాలేదు, ఆ నీళ్ళు కూడా దిగువపేట మీదే పడ్డాయి. "శభాష్!" అన్నాడు రాజు. రెండోవాడు విజయకేతుడు కరువు పని పట్టాడు. కోటలో పాతాళం దాకా బావి తవ్వించి చుట్టూ కాపలా పెట్టాడు. కోటలో నీళ్ళు పడ్డాయి, బయట బావులన్నీ ఎండిపోయాయి. "శభాష్!" అన్నాడు రాజు.

చిన్నవాడు మణికేతుడికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచక దిగువపేట చూద్దామని బయల్దేరాడు.

అక్కడ ఒక గుడిసె ముందు చెంగల్వ అనే పిల్ల వెదురు చీలుస్తోంది. మేదరి వీరయ్య కూతురు. పోయినేడు వరదలో తల్లి కొట్టుకుపోయింది. తండ్రికి కాళ్ళు పడిపోయాయి.

"ఏం అల్లుతున్నావు?" అన్నాడు మణికేతుడు.

"చాటలు. తట్టలు ఎవరు కొంటున్నారు చిన్నదొరా? తమరు బంగారంతో చేయించుకుంటున్నారుగా!"

మణికేతుడి మొహం మాడిపోయింది. "నన్నెందుకంటావు? నేనేం చేశాను?"

"తమరూ ఏం చెయ్యలేదు, అదే నే చెప్పేది. అటు చూడండి. కట్ట బీటలు వారింది. మృగశిర చినుకులు గట్టిగా పడితే అది ఆగదు. దాని కిందే మేమంతా పడుకుంటున్నాం. తవ్వుదామంటే రాచతట్ట లేవందే పార దిగకూడదంటారు కోటవాళ్ళు. ఆ తట్టేమో దానమిచ్చేశారు!"

"మృగశిరలోగా తట్ట తెస్తాను."

"తెచ్చి?"

"నా నెత్తిన పెట్టుకుంటాను."

చెంగల్వ నవ్వలేదు. "సరే, చూస్తాం" అని మళ్ళీ కత్తి పట్టుకుంది.

మణికేతుడు బయల్దేరాడు. పోగా పోగా బీడుపడ్డ మడిలో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. "మీ చెరువులో చేపలు తిని బతికినదాన్ని. ఇప్పుడు పురుగులేరుకుంటున్నా. నువ్వు మంచివాడివని కాదు, నా ఆకలి కోసం చెబుతున్నా విను. ధూమ్రజటి ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక మీ వెదురుతట్ట కింద ఉంది. ఆ తట్టలో మట్టి పడి, రాజవంశపు నెత్తికెక్కిన నాడు చిలక చస్తుంది, వాడూ చస్తాడు."

ఇంకా పోగా సముద్రపు ఒడ్డున ఒక తాబేలు కనిపించింది. "మీ చెరువులోనే పుట్టాను. రంగునీళ్ళు తగిలి కళ్ళు మండి ఇంతదూరం పారిపోయి వచ్చాను. నువ్వు మంచివాడివని కాదు, నా కళ్ళ కోసం మోస్తా, ఎక్కు" అంది. ఒక సముద్రం దాటించింది, రెండు దాటించింది, ఏడూ దాటించింది.

మాంత్రికుడి దీవిలో ఇసుక బొరియలోంచి ఒక ఎండ్రకాయ తొంగిచూసింది. "నీ కత్తి చూసి వాడు భయపడతాడనుకున్నావా? నేనెప్పుడైనా నేరుగా నడవడం చూశావా? పక్కగా పో నాయనా, పక్కగా పో" అంది.

మణికేతుడు కత్తి అక్కడే పడేసి, చేతులు కట్టుకుని మాంత్రికుడి ముందు నిలబడ్డాడు. "అయ్యా, మా తాతలనాటి తట్ట మాకిప్పించండి" అన్నాడు.

ధూమ్రజటి కళ్ళెర్రజేశాడు. "ఎందుకు? మట్టి మోస్తారా?"

"శివశివా! మట్టి మొయ్యడమా? మండపం కట్టి, గంధం పూసి, రోజూ పూజ చేసుకుంటాం."

అంతే! మాంత్రికుడు దీవి అదిరేలా నవ్వాడు. "వెర్రివాడా, ఆ మాట ముందే చెప్పకూడదూ! ఎవరికీ అక్కరలేని వస్తువు కదా, దాని కోసం ఎవరూ రారులే అని నా ప్రాణం దాని కింద దాచుకున్నాను. మీరు పూజే చేస్తామంటే ఈ దీవి కంటే మీ కోటే నాకు భద్రం. తీసుకుపో, చిలకతో సహా తీసుకుపో. రోజుకో జామపండు పెట్టు చాలు."

మణికేతుడు చిలక మీద తట్ట బోర్లించి పట్టుకుని తాబేలెక్కాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. నడిసముద్రంలో తట్ట కింద చిలక నోరు విప్పింది. అది మాంత్రికుడి గొంతు కాదు, అచ్చం నాన్నగారి గొంతు. "మర్యాద మర్యాదే కదా! తీసుకుపో, పీడ విరగడయింది!" అంది. దారి పొడుగునా అదే పాట. వింటుంటే మణికేతుడికి ఏడుపొచ్చింది. పీడ ఏడు సముద్రాల అవతల పుట్టింది కాదని వాడికి అప్పుడు తెలిసింది.

మృగశిరకి మూణ్ణాళ్ళ ముందు తూముకోట చేరాడు. తట్ట వచ్చిందన్న మాట దిగువపేటకి క్షణంలో పాకింది. కోటలో రాజు కొడుకుని కౌగిలించుకుని ఆనందబాష్పాలు రాల్చాడు.

"నాన్నగారూ, ఇప్పుడే చెరువులోకి దిగుదాం రండి."

"ఏమిటీ! ఏడు సముద్రాలు దాటి వచ్చిన తట్టకి మట్టి అంటిస్తావా? అపచారం! మండపం కట్టించండి! గంధం పూయండి! ఆ చిలకకి జామపళ్ళు తెండి! మట్టి సంగతి మంచి ముహూర్తం చూసి ఆలోచిద్దాం."

మాంత్రికుడికి మణికేతుడు చెప్పిన అబద్ధాన్ని నాన్నగారు అక్షరం పొల్లుపోకుండా నిజం చేస్తున్నారు. మొదటి రోజు బతిమాలాడు. రెండో రోజు అలిగాడు. తండ్రి మాట మీరడం ఎలాగని మూడో రోజూ ఆగాడు. ఆ సాయంత్రం కొండల మీద మబ్బు కమ్మింది.

అప్పుడు పరుగెత్తాడు. మండపం తలుపు తన్ని, గంధం పూసిన తట్ట లాక్కుని, వానలో చెరువులోకి దూకాడు. చేతులతోనే మట్టి తోడి తట్ట నింపి నెత్తికెత్తుకున్నాడు. మండపంలో చిలక "మర్యాద" అంటూ అంటూనే కిందపడి చచ్చింది. ఏడు సముద్రాల అవతల ధూమ్రజటి గుప్పెడు బూడిదయ్యాడు.

అయితే ఏం లాభం? వాన మాంత్రికుడిది కాదుగా, ఆగడానికి!

మణికేతుడు కట్టెక్కి వెనక్కి తిరిగి చూశాడు. కోటవాళ్ళు గోడ మీద గొడుగులేసుకుని వేడుక చూస్తున్నారు. దిగువపేట వాళ్ళు మాత్రం చేతికందిన చాటలూ జల్లెడలూ పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు, అందరికంటే ముందు చెంగల్వ. అంతా కలిసి చీకటి పడేదాకా కట్టకి మట్టి మోశారు. చీకటి పడ్డాక కట్ట తెగింది.

కట్ట మీదికి వచ్చినవాళ్ళు బతికారు. రాలేనివాళ్ళు ఇళ్ళలో ఉండిపోయారు. మేదరి వీరయ్య రాలేనివాడు. తట్ట వచ్చిందని విన్నప్పటి నుంచి ఆ ముసలాయన, ఇక ఊరంతా మట్టి మోస్తుందని సంబరపడి, కూర్చున్నచోటే కొత్త తట్టలు అల్లుతున్నాడు. తెల్లారాక ఆ తట్టలు మడుల్లో తేలుతూ దొరికాయి. వీరయ్య దొరకలేదు.

చెంగల్వ ఆ తట్టలు ఏరి తెచ్చి మణికేతుడి ముందు పెట్టింది. "మూణ్ణాళ్ళ ముందే వచ్చారటగా. ఎందుకాగారు చిన్నదొరా?"

మణికేతుడు తలవంచుకున్నాడు. ఒక తట్ట అందుకుని తెగిన కట్ట వైపు నడిచాడు.

నేలంతా నానిపోగా నీలినీళ్ళు కోట బావిలోకీ దిగాయి. పెద్దకొడుకులిద్దరూ మేనమామ రాజ్యానికి ఉడాయించారు. దాహంతో పిడచగట్టిన నాలుకతో గజకేతు మహారాజు కిరీటం తీసి చిన్నకొడుకు నెత్తిన పెట్టాడు. మణికేతుడు చెంగల్వని పెళ్ళాడతానన్నాడు.

"ప్రతి ఏడూ మొదటి తట్ట ఎత్తండి, ఉంటాను. ఎత్తని ఏడు వెళ్ళిపోతాను" అందామె.

పెళ్ళి జరిగింది. మేళాలు పెట్టలేదు. కట్ట మళ్ళీ కట్టుకున్నారు. రంగుల బానల నీళ్ళు చెరువులో పడకుండా ఇసుకగుంటల్లోకి మళ్ళించారు. మణికేతుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఏ రోహిణికీ తట్ట మానలేదు. కొంగా తాబేలూ తిరిగి వచ్చాయి. కానీ పిల్లలూ, తండ్రి నాలుగు వేసవుల్లో పూడ్చిన చెరువు కొడుకు జీవితమంతా తవ్వినా పాత లోతు రాలేదు.

రాజుకి జుట్టు నెరిసింది, మెడ వంగింది. ఒక రోహిణి నాడు వెదురుతట్ట తీసుకుని బయల్దేరుతుంటే ఒక్కగానొక్క కొడుకు రత్నకేతుడు ఎదురొచ్చాడు. వాడి చేతిలో ముచ్చటైన చిన్న వెండి తట్ట ఉంది.

"నాన్నగారూ, ఈ వయసులో మీ నెత్తిన మట్టి చూడలేకపోతున్నాను. మీ కోసమే చేయించాను. ఒక్క చిటికెడు వేసి ఏనుగు మీద పంపుదాం. మర్యాద మర్యాదే కదా!"

వాడు ప్రేమతోనే అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. మణికేతుడు చెంగల్వ వైపు చూశాడు. ఆమె వాకిట్లో తండ్రి అల్లిన తట్టల మధ్య నిలబడి కొడుకునే చూస్తోంది.

"చిలక చచ్చిందనుకున్నానే" అన్నాడు రాజు మెల్లగా. వెదురుతట్ట తీసి కొడుకు చేతుల్లో పెట్టాడు. "నా నెత్తిన చూడలేకపోతే నీ నెత్తిన పెట్టుకో."

రత్నకేతుడు తట్ట వంక చూశాడు, తన కొత్త తలపాగా తడుముకున్నాడు.

వాడు ఎత్తాడా లేదా అని నన్నడక్కండి. కథ ఇక్కడితో కట్ట దాటింది. మీరు ఇళ్ళకి పోతూ పోతూ మీ చెరువులోకి ఒకసారి తొంగిచూడండి. ఎత్తాడో లేదో మీకే తెలుస్తుంది.