ఎదురుపడిన చీమలు ఎందుకు ఆగుతాయి

ఒకప్పుడు చీమలకు దారిలో ఎదురైనవాళ్ళను పలకరించే అలవాటే లేదు. బారు కట్టారంటే కట్టినట్టే. నోట కరుచుకున్న గింజ పుట్ట చేరేదాకా ఎవరికోసమూ ఆగకూడదు. ఒక్కరు ఆగితే వెనకాల వందమంది ఆగిపోతారు కదా. మాటలూ మంచీ అన్నీ ఇంటికెళ్ళాకే. తాము పనిమంతులమని వాళ్ళకు మహా గొప్ప.

గోదావరి లంకలో ఒక అరటితోట. ఆ తోట గట్టు కింద పెద్ద పుట్ట. అందులో తాయారు అనే చీమ ఉండేది. పుట్టనిండా చుట్టాలే అయినా తాయారు ప్రాణమంతా చెల్లెలు బుల్లెమ్మ మీదే. గుడ్డుగా ఉన్నప్పటినుంచీ తనే మోసి పెంచింది మరి.

ఒక ముసురు రోజున తాయారు బెల్లం పలుకు మోసుకుని ఇంటికొస్తోంది. బుల్లెమ్మ రొప్పుతూ ఎదురొచ్చింది.

"అక్కా, కాస్త ఆగవే. ఒక మాట చెప్పాలి."

"బారులో ఆగకూడదని తెలీదూ? ఇంటికొచ్చాక చెబుదువుగానిలే."

తాయారు పక్కనుంచి సాగిపోయింది.

ఇల్లు చేరనేలేదు, గోదావరి గట్టుమీదుగా పొర్లింది. పుట్ట పోయింది. గుడ్లు పోయాయి. ఏడాదంతా దాచుకున్న గింజలు పోయాయి. తాయారు ఒక అరటిబోదె పట్టుకుని ఎలాగో బతికి బయటపడింది.

నీళ్ళు తీశాక, మిగిలినవాళ్ళు ఒండ్రు మీద మళ్ళీ బారు కట్టారు. ఏం చేస్తారు, కడుపు ఊరుకోదుగా. ఆ బారులో సగానికి సగం మంది లేరు. లేనివాళ్ళ గురించి ఎవరూ ఎవర్నీ అడగలేదు.

తాయారుకు మాత్రం కాళ్ళు సాగలేదు. ఎదురొచ్చిన ముసలి చీమ ముందు నిలబడిపోయింది.

"మామ్మా, మా బుల్లెమ్మ కనిపించిందా?"

"తప్పుకో పిల్లా. బారు ఆగిపోతోంది."

"ఆగనియ్యి మామ్మా. ఆ రోజు అది ఆగమంటే నేను ఆగలేదు. ఏం చెప్పాలనుకుందో కూడా నాకు తెలీదు."

మామ్మ నోట్లోని గింజ కిందపెట్టేసింది.

"నాకు తెలుసే. కింది గదిలోకి నీళ్ళొస్తున్నాయని చెప్పడానికొచ్చింది. కనపడ్డవాళ్ళనల్లా ఆపబోయింది. నా వెంట నడిచి మరీ చెప్పింది. ఈ గింజ పెట్టొచ్చి చూద్దాంలే అనుకున్నాను. ఎవరూ ఆగకపోయేసరికి, గుడ్లయినా బయటికి తెస్తానని ఒక్కతే లోపలికి పోయింది."

తాయారు వెక్కి వెక్కి ఏడ్చింది. మామ్మ తన మీసాలతో ఆ పిల్ల మొహం తడిమింది. తడుముతూ తనూ అడిగింది.

"మావాడూ ఇంటికి రాలేదే. నీకెక్కడైనా కనిపించాడా?"

వెనకాల బారంతా ఆగింది. ఈసారి ఎవరూ కసరలేదు. ఒకరి మొహం ఒకరు తడుముకుంటూ, మా అమ్మను చూశారా, మా తమ్ముణ్ణి చూశారా అని అడగడం మొదలెట్టారు. కొందరికి జవాబు దొరికింది. చాలామందికి దొరకలేదు. బుల్లెమ్మ ఎన్నటికీ తిరిగి రాలేదు.

అప్పటినుంచే ఏ చీమైనా, నోట్లో ఎంత బరువున్నా సరే, ఎదురుపడ్డ చీమ ముందు ఆగుతుంది. మీసాలతో దాని మొహం తడిమి, మావాళ్ళు కనిపించారా అని అడుగుతుంది. అది చెప్పే మాట చివరిదాకా విన్నాకే కదులుతుంది.