హంస పడవ ఎవరిది?

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. మీరు పెరుగుతున్న చోట ఏరు లేదు, తెడ్డు పట్టే మనుషులూ లేరు. అందుకని మొదటినుంచీ, ఏదీ వదలకుండా చెబుతాను. మధ్యలో లేచి వెళ్లకండి.

ఒకానొక ఏటి ఒడ్డు రాజ్యాన్ని గజేంద్రవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తన మాటంటే తనకు మహా ముద్దు. పడవల గురించి పదకొండు నియమాలు స్వయంగా రాసి, నెలకోసారి సభలో చదివించుకుని, మొదటిసారి వింటున్నట్టు తల ఊపేవాడు.

నియమాలూ చెడ్డవి కావు. అంతకుముందు ఆ ఏట్లో ఒకరి షికారు పడవను ఇంకొకరు తమదనేవారు. పడవ మునిగి ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం అది నాదని ఒక్కడూ అనేవాడు కాదు. అందుకని రాజుగారి తండ్రి ఒక దస్త్రం పెట్టించి, ప్రతి పడవ ముక్కు మీదా యజమాని గుర్తు కాల్పించి, పేర్లు రాయించాడు. పడవ చేతులు మారితే ఏం చేయాలన్నది మాత్రం కొడుకు రాసిందే. పాత యజమాని, కొత్త యజమాని ఇద్దరూ పడవతో సహా రేవు కచేరికి రావాలి. ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు కరణం ఎదుట చెప్పాలి. అప్పుడు పాత గుర్తు చెక్కేసి కొత్త గుర్తు కాలుస్తారు. అలా మార్చుకోని పడవను కార్తిక పౌర్ణమి నాడు రేవులోనే కోసేస్తారు.

ఆ రేవులోనే నూకాలు ఉండేది. ఆమె తండ్రి అప్పన్న బతికినంతకాలం రాజుగారి హంస పడవకు తెడ్డు వేశాడు. ముసలితనంలో తన సంతోషం కోసం ఒక చిన్న షికారు పడవ సొంత చేతులతో చేసుకున్నాడు. దస్త్రంలో రాయించాడు, గుర్తు వేయించాడు. సాయంత్రాలు కూతుర్ని ఎక్కించుకుని ఊరికే తిరిగేవాడు. ఒంట్లో సత్తువ తగ్గాక, పడవవాళ్ల ఆచారం ప్రకారం, నడి ఏట్లో తెడ్డు కూతురి చేతిలో పెట్టాడు. ఆమె పడవను ఒడ్డుకు చేర్చింది; అంతటితో పడవ ఆమెదైనట్టే లెక్క. గట్టు మీద ఊరంతా నిలబడి చూసింది. ఆ మూడో రోజే అప్పన్న కన్నుమూశాడు. కచేరికి వెళ్లే వ్యవధి ఎక్కడిది?

నూకాలు ఒక్కతే కచేరికి వెళ్లింది. కరణం దస్త్రం తిప్పి, పాత యజమాని రాలేదు గనక కుదరదన్నాడు. ఆమె సభకు వెళ్లి మొరపెట్టుకుంది. తండ్రి వేలిముద్రలు ఆ చెక్క మీద ఇంకా జిడ్డుగా ఉన్నాయనీ, దాన్ని కోస్తే తాను చూడలేననీ చెప్పుకుంది. ఊరంతా చూసిందని కూడా చెప్పింది.

రాజు మీసం దువ్వాడు. "ఊరికి తెలిస్తే సరిపోదు. దస్త్రానికి తెలియాలి. నాలుగో నియమం."

"మా అయ్య రాలేడు కదా, మహాప్రభూ."

"రాలేకపోయినా రానట్టే. అయిదో నియమం."

సభలో కొండుభట్టు అనే విదూషకుడు ఉన్నాడు. నోరు తిరిగినవాడు, కానీ నీళ్లంటే చచ్చే భయం. ఏటికి వెళ్లకుండా ఇంట్లోనే చెంబుతో స్నానం కానిస్తాడని ఊళ్లో వేళాకోళం. అతను నూకాలు వెనకే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె తండ్రి గురించి, హంస పడవ గురించి, ఆమె చిన్నతనం గురించి చాలాసేపు అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ అన్నీ చెప్పింది. ఒకచోట భట్టు పకపకా నవ్వాడు.

"పున్నమి నాడు రేవుకు రా తల్లీ. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్క అక్షరం పెంచకు, ఒక్క అక్షరం తుంచకు" అన్నాడు.

పున్నమి వచ్చింది. పొద్దున్నే రేవు జనంతో నిండిపోయింది. ఒక పక్క అప్పన్న పడవను బోర్లించి ఉంచారు. దాని పక్కనే ఇద్దరు రంపంతో కూర్చున్నారు. నూకాలు ఆ రంపం వైపు చూడలేక ఏటి వైపు తిరిగి నిలబడింది.

రాజు పున్నమి షికారుకని పట్టుపంచె సర్దుకుంటూ హంస పడవ ఎక్కబోయాడు. కొండుభట్టు, నీటికి పది అడుగుల దూరంలోనే ఉండి, చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఎవరి పడవ ఎక్కుతున్నారు?"

"నాదే. ఏం భట్టూ, కళ్లు మసకేశాయా?"

భట్టు కరణాన్ని దస్త్రం చదవమన్నాడు. కరణం దస్త్రం విప్పి చదివాడు. మొదటి పుటలో మొదటి పేరు: హంస పడవ, యజమాని మహారాజు రణభూపతి. పడవ ముక్కు మీద ఉన్నదీ ఆయన గుర్తే. ఆయన స్వర్గస్థుడై ఆరేళ్లయింది.

"నేను ఆయన కొడుకును" అన్నాడు రాజు.

"ఊరందరికీ తెలుసు ప్రభూ. దస్త్రానికే తెలియదు."

"నేను ఈ రాజ్యానికి రాజును."

"చిత్తం. రాజ్యానికి పట్టాభిషేకం జరిగింది. పడవకు జరగలేదు. తమ తండ్రిగారు కచేరికి వచ్చి ఇచ్చానని చెప్పలేదు. రాలేకపోయినా రానట్టే. అయిదో నియమం."

రంపం పట్టుకున్న ఇద్దరూ ఏ పడవ ముందు కోయాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. తన నియమాన్ని తానే కాదంటే పరువు పోతుంది. అవునంటే పడవ పోతుంది. ఆ పడవలోనే తండ్రి ఒళ్లో కూర్చుని ఏరంతా చూసినవాడు. కాసేపటికి గొంతు తగ్గించి, దారి ఏమన్నా ఉందా అని అడిగాడు.

ఏటికి దస్త్రం కన్నా పాత ఆచారం ఒకటుందని భట్టు గుర్తుచేశాడు. తండ్రిగారు నడి ఏట్లో ఎప్పుడైనా తెడ్డు చేతికిచ్చారా అని అడిగాడు.

రాజు మొహం మెత్తబడింది. "ఇచ్చారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు."

"చూసినవారు?"

"అప్పన్న." రాజు ఆగాడు. "అప్పన్న లేడు. ఇంకో పిల్ల ఉండేది, కొబ్బరిచిప్పతో పడవలో నీళ్లు తోడుతూ."

"నేనే మహాప్రభూ" అంది నూకాలు.

భట్టు అడ్డుపడ్డాడు. "కళ్లారా చూసిన మనిషి మాట చెల్లుతుందా ప్రభూ? ముందు అది తేల్చండి."

రాజు బోర్లించిన పడవ వైపు చూశాడు, నూకాలు వైపు చూశాడు. "చెల్లుతుంది" అన్నాడు.

"అందరికీనా?"

"అందరికీ."

అప్పుడు నూకాలు చెప్పింది. "పెద్ద మహారాజు నడి ఏట్లో తెడ్డు ఈయన చేతిలో పెట్టారు. అది జారి నీళ్లలో పడింది. ఈయన ఏడ్చారు. మా అయ్య దూకి తెచ్చి మళ్లీ చేతికిచ్చాడు. అప్పుడు ఈయన ముక్కు చీదుకుని, ఒడ్డుదాకా తోశారు. గట్టు కాస్త గట్టిగానే తగిలింది."

జనమంతా రాజు వైపు తిరిగారు. రాజు పెదవులు కదిలాయి, భుజాలు కదిలాయి, ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆ తడి నవ్వుదో మరొకటో ఎవరికీ తెలియనివ్వకుండా, అప్పన్న పడవను తిరగేయమన్నాడు.

పన్నెండో నియమం అక్కడే పుట్టింది. యజమాని పోతే, కళ్లారా చూసినవారిని వెంటబెట్టుకుని వారసులు వచ్చి పేరు మార్పించుకోవచ్చు. చూసినవాళ్లు ఎల్లకాలం ఉండరు గనక నలభై రోజుల్లోనే రావాలని భట్టు చేర్పించాడు. ఆ రోజు రెండు పడవలకూ కొత్త గుర్తులు పడ్డాయి. నూకాలు కోరిక మీద, ఆమె పడవలో తండ్రి గుర్తును చెక్కేయకుండా కొత్తదాన్ని పక్కనే కాల్చారు. రాజు తన చేతి కంకణం తీసి భట్టుకు తొడిగి, శాలువా కప్పాడు.

నూకాలుకు ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని భట్టును పడవ ఎక్కించుకుంటానంది. ఆమె మొహం చూసి కాదనలేక అతను ఎక్కాడు. నడి ఏటికి వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"మా అయ్యను నాకు మళ్లీ ఇచ్చారు అయ్యగారూ" అని ఆమె తెడ్డు అతని చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టింది. భట్టు కళ్లు తెరవకుండానే తెడ్డు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

నూకాలు గట్టు వైపు చూసి నవ్వింది.

"ఇక ఇటివ్వండి అయ్యగారూ. ఎవరైనా చూశారంటే పడవ మీదైపోతుంది."

అంతే పిల్లలూ. ఈ కథ నాకు ఒకరు చేతికిచ్చారు, నేను మీకిచ్చాను. మీకంటే చిన్నవాళ్లు దొరికినప్పుడు ఉన్నది ఉన్నట్టు, పెంచకుండా తుంచకుండా, వాళ్ల చేతిలో పెట్టండి. జారిపోతే దూకి తెచ్చి మళ్లీ ఇవ్వండి.