గుల్ల కొరికిన బుంగచేప

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమన్నాక రాజు ఉంటాడు, రాజన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. సముద్రపు ఒడ్డున మకరపురిని ఏలే కీర్తివర్మకు వేట పిచ్చి లేదు, ఏనుగుల పిచ్చి లేదు. ఉన్నదల్లా కూతురి పిచ్చి. ఏడేళ్ళ హైమవతి ఏమడిగితే అది ఇచ్చేవాడు. ఒక్కోసారి అడగకముందే ఇచ్చేవాడు!

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. రాజుగారింట దేన్నీ తొక్కతో, గింజతో, ముల్లుతో వడ్డించకూడదు. ద్రాక్షపండుకు కూడా తోలు తీసి పెట్టాలి. ఇందుకోసమే వంటింట్లో పదిమంది పొద్దుగూకులూ కూర్చుని ఒలుస్తూ ఉండేవారు. నవ్వకండి మరి, రాజులంటే అంతే!

ఒకనాడు జాలరులు హైమవతికి ఒక వింత చేపను కానుకగా తెచ్చారు. అరచేయంత చేప. వీపు నిండా మచ్చలు, తెల్లటి పొట్ట. ఒక కన్ను ఇటు చూస్తుంటే రెండో కన్ను అటు చూస్తుంది. రాజు సభలోనే పెద్ద గాజుతొట్టి చేయించి, సముద్రపు నీళ్ళు నింపించి, దాన్ని అందులో వదిలించాడు.

కొత్తచోటు కదా, చేప బెదిరింది. గుటగుటా నీళ్ళు మింగింది. చూస్తుండగానే గుండ్రంగా బుంగంత ఉబ్బింది! ఒంటి మీద ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. సభ సభంతా ముక్కున వేలేసుకుంది. అందుకే జాలరులు దాన్ని బుంగచేప అంటారు.

"అమ్మో! ఇంత చిన్నదానిలో అంత పెద్దది ఎక్కడ దాక్కుంది నాన్నగారూ?" అంది హైమవతి. రాజుగారికి మాత్రం ఏం తెలుసు పాపం! ఆయనా నోరు తెరుచుకునే చూస్తున్నాడు.

ఆ తొట్టిలో రోజూ పొద్దున్నే పాతనీళ్ళు తోడి కొత్తనీళ్ళు పోసే మనిషి నూకాలు. జాలరుల ఇంటి ఆడది, మాట కాస్త కటువు. మొదటిరోజే ఆవిడ వంటల పెద్ద సూరప్పతో చెప్పింది.

"బాబూ, దీనికి నత్తలెట్టండి, చిన్న పీతలెట్టండి. గుల్లతోనే ఎట్టండి. సముద్రంలో రాళ్ళ సందున అవి కొరుక్కునే బతుకుతాది."

సూరప్ప మండిపడ్డాడు. "చాల్లే ఊరుకో! రాజుగారింటి చేపకు గుల్లలా? నలుగురూ వింటే నవ్విపోరూ!"

సూరప్ప రొయ్యలు ఒలిపించి, మెత్తగా నూరించి, వెన్నముద్దల్లా చేసి వేసేవాడు. చేప తినేది. హైమవతి అడుగుల చప్పుడు వింటే చాలు, గాజు దగ్గరికి పరుగున వచ్చి తోక ఆడించేది. ఆ పిల్లా చేపా గాజుకు అటొకరు ఇటొకరు ముఖాలు ఆనించి గంటలు గంటలు చూసుకునేవారు.

ఆరు నెలలు గడిచాయి. ఉన్నట్టుండి చేప తినడం మానేసింది. ఆకలి లేక కాదు. ముద్ద వేయగానే ఉరికి వచ్చేది, మూతితో పొడిచేది, నోట పట్టక వెనక్కి తిరిగిపోయేది. పొట్ట వీపుకు అంటుకుపోయింది.

హైమవతి తన బంగారు పళ్ళేన్ని పక్కకు తోసేసింది. "నా చేప తినేదాకా నేనూ తినను."

మొదట అందరూ పిల్లచేష్ట అనుకున్నారు. రెండు పూటలు గడిచాయి, మూడు పూటలు గడిచాయి. పిల్ల మెతుకు ముట్టదే! రాజుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వైద్యుడు వచ్చాడు. "వేడి చేసింది" అని లేహ్యం కలిపాడు. నీళ్ళు బురదయ్యాయి, చేప అడుగుకు చేరింది. నూకాలు చివాట్లు పెడుతూ నీళ్ళన్నీ మార్చింది.

జ్యోతిష్కుడు వచ్చాడు. "దిష్టి తగిలింది" అని తొట్టికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించాడు. చేప వాటికేసి ఒక కన్ను తిప్పి చూసి ఊరుకుంది.

ఆఖరికి సూరప్పే వచ్చాడు. రొయ్యలను మరింత మెత్తగా నూరి, పాలమీగడ కలిపి తెచ్చాడు. చేప దాని దగ్గరికి ఈదడానికి కూడా ఓపిక లేక ఒక పక్కకు ఒరిగిపోయింది. అది చూసి హైమవతి బావురుమంది.

నూకాలు ఇక ఉండబట్టలేకపోయింది. బిందె కింద పెట్టి రాజు ముందుకొచ్చింది.

"మారాజా, జొరమూ కాదు, దిష్టీ కాదు. ఆ నోరు సూడండి. దీని పళ్ళు సచ్చేదాకా పెరుగుతానే ఉంటాయి. గుల్లలు కొరికితేనే అరుగుతాయి. మీరు మెత్తగా ఎట్టారు, అవి పెరిగి పెరిగి నోటికి తలుపేసేశాయి. పళ్ళు కత్తిరించాలి. లేదంటే రేపటికి ఉండదు."

"కత్తిరిస్తే బతుకుతుందా?" అన్నాడు రాజు.

"సెప్పలేను బాబూ. కత్తిరించకపోతే మాత్రం సచ్చిపోద్ది, అది సెప్పగలను."

రాజు కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని తల ఊపింది.

కంసాలి వీరాచారిని పిలిపించారు. నగల తీగలు కత్తిరించే సన్నని కత్తెర తెచ్చాడు. వెడల్పాటి పళ్ళెంలో తొట్టినీళ్ళే పోశారు. నూకాలు తడిగుడ్డతో చేపను నీళ్ళలోనే పొదివి పట్టుకుంది.

"పైకి ఎత్తకూడదు. గాలి మింగి ఉబ్బిందంటే దాన్ని కక్కలేదు, పేణం పోద్ది."

ఆమె మాట పూర్తికాకుండానే చేప ఉబ్బడం మొదలెట్టింది! వేళ్ళ మధ్య నుంచి ముళ్ళు పొడుచుకొచ్చి నూకాలు చేతుల్లో గుచ్చుకున్నాయి. నీళ్ళలో ఎర్రటి చార పాకింది. ఆవిడ చేయి కదల్చలేదు, వదల్లేదు. "ఏటీ నేదమ్మా, ఏటీ నేదు" అంటూ చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. మెల్లమెల్లగా, అబ్బురంగా, ఆ బుంగ తగ్గి మళ్ళీ చేప అయ్యింది.

"ఇప్పుడు!" అంది నూకాలు. వీరాచారి కత్తెర రెండుసార్లు టిక్కుమంది.

తెగిన పంటిముక్కను రాజు అరచేతిలో వేసుకుని గోటితో నొక్కాడు. రాయిలా ఉంది. "దీనికి ఈ గతి పట్టించింది ఎవరు?" అన్నాడు కోపంగా. సూరప్పకు ముచ్చెమటలు పోశాయి.

నూకాలు తల దించుకోలేదు. "మనమే మారాజా. పగ పట్టి కాదు, ముద్దు చేసి."

రాజు ఆ పంటిముక్కను గుప్పిట్లో మూసి, చేపను వదలమని సైగ చేశాడు.

చేపను తొట్టిలోకి వదిలారు. నూకాలు కొంగు ముడి విప్పి, బఠాణీ అంత నత్తను హైమవతి చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని నీళ్ళలోకి జారవిడిచింది. నత్త ఇసుకలో పడింది. చేప కదల్లేదు. ఎంతసేపు గడిచిందో! అప్పుడు ఒక కన్ను నత్త మీదికి తిరిగింది, ఆ తర్వాత రెండో కన్నూ తిరిగింది. నెమ్మదిగా దగ్గరికి వచ్చింది, తల వంచింది.

టక్!

అంత చిన్న నోటి నుంచి అంత చప్పుడు! గాజు దాటి, స్తంభాలు దాటి సభ చివర నిల్చున్న భటుడికి కూడా వినబడింది. పెంకుముక్కలు మెరుస్తూ ఇసుకలోకి రాలాయి. ఆ పూట దాకా ఆ సభలో ఎవరూ ఒక ప్రాణి తన తిండి తాను తినడాన్ని అంత భక్తిగా చూసి ఉండరు.

"నాన్నగారూ, నాకు ఆకలేస్తోంది" అంది హైమవతి.

రాజుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సింహాసనం దిగివచ్చి, నెత్తురోడుతున్న నూకాలు చేతులకు తన పట్టు ఉత్తరీయం చింపి కట్టుకట్టాడు. "తల్లీ, ఇంతమందిమి దీన్ని ప్రేమించాం. నువ్వొక్కదానివే దీన్ని తెలుసుకున్నావు. ఇకమీదట ఈ తొట్టి దగ్గర నీ మాటే శాసనం" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, పిల్లల్ని కన్న పెద్దలూ, వినండి: మనకు ముద్దొచ్చింది పెట్టడం ప్రేమ కాదు, ఎదుటి ప్రాణికి ఏది అవసరమో తెలుసుకుని పెట్టడమే ప్రేమ.