వీరకేతుడి మూడో బొమ్మ

వీరకేతుణ్ణి ఏ మూటలో కట్టాలో శివోజికి తోచలేదు.

తోలుబొమ్మలాడేవాళ్లు మంచివాళ్ల బొమ్మలన్నీ ఒక మూట కడతారు, దుర్మార్గుల బొమ్మలు ఇంకో మూట. కలిపితే లోపల కొట్టుకు చస్తాయని నవ్వుతూనే చెబుతారు గానీ, కలిపే ధైర్యం మాత్రం ఎవడూ చేయడు. మరి శివోజి కొత్తగా కల్పించిన కథలో వీరకేతుడు సగం ఆట దాకా ఊళ్లను కాపాడే వీరుడు. కొడుకు చచ్చిపోగానే ఆ చేతులతోనే ఊరు తగలబెడతాడు. అందుకని శివోజి రెండు బొమ్మలు చెక్కాడు. ఒకదానిది నవ్వు మొహం. రెండోదానికి కోరలు, ఎర్ర గుడ్లు.

రెండూ పట్టుకుని మధ్యాహ్నం గురువు ఖండోజి ఇంటికి వెళ్లాడు. ముసలాయన పంచలో కూర్చుని మేకతోలు గీకుతున్నాడు.

"రేపు ఆట ఎక్కడరా?"

"పక్కూళ్లో అయ్యా. జీపు పెద్దన్న ఇంటి ముందర."

ఖండోజి చెయ్యి ఆగిపోయింది. 'ఈ వానలో బండి తీయను పో' అని ఆ పెద్దన్న అన్న రోజే కదా, జ్వరంతో కాగిపోతున్న ఆరేళ్ల కొడుకుని శివోజి భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచింది! దారిలోనే పిల్లాడు పోయాడు. నాలుగు నెలలైంది. పాపం, ఇంతవరకూ శివోజి కంట చుక్క నీరు రాలేదు.

శివోజి పక్కన ఒక డబ్బా ఉంది. మూత తీయకుండానే వాసన కొడుతోంది.

"మన దీపాలకి ఆముదం కదరా. కిరసనాయిలు దేనికి?"

శివోజి నేలచూపులు చూశాడు. "పనుందయ్యా."

ఆ పనేమిటో ముసలాయనకి తెలియదా! అయినా తిట్టలేదు, డబ్బా లాక్కోలేదు. బొమ్మలు రెండూ ఎండకెత్తి చూశాడు.

"పనితనం బాగుంది. కొడుకు పోయాక ఏం చేస్తావు?"

"ఈ బొమ్మ తీసి ఆ బొమ్మ పెడతాను."

"వెంటనే?"

"వెంటనే."

"మధ్యలో వీరకేతుడు ఏడవడా?"

"వీరుడు ఏడుస్తాడా అయ్యా? చూసేవాళ్లు లేచిపోరూ!"

ఖండోజి లేచాడు. ఆరిన తోలు ముక్క ఒకటి తెచ్చి శిష్యుడి ముందు పరిచాడు. తన ఉలి తీసి చేతిలో పెట్టాడు.

"మూడో బొమ్మ చెయ్యి. ఒళ్లో పిల్లాడుండాల."

గురువు మాట, కాదనలేక శివోజి కూర్చున్నాడు. తండ్రి తల గీశాడు, భుజం గీశాడు. బాగానే సాగింది. పిల్లాడి మొలతాడు గీసి, దానికి చిన్న తాయెత్తు దిద్దబోయేసరికి గీత తప్పింది. తన బిడ్డకి తానే కట్టిన తాయెత్తు అది.

"ఇంకెంత దూరం నాయనా అని అడిగినాడయ్యా," అన్నాడు శివోజి. "వచ్చేసినాం అన్నాను. అబద్ధం చెప్పినాను. ఇంకా రెండు క్రోసులుంది."

అంతే. ఉలి జారిపోయింది. తోలు మీదికి వంగి, వెక్కి వెక్కి, నాలుగు నెలల ఏడుపూ ఏడ్చాడు. శిష్యుడి వీపు నిమురుతూ ఖండోజి పక్కనే కూర్చున్నాడు. ఆయన కన్నీళ్లు కూడా ఆగలేదు.

పొద్దు వాలుతుండగా శివోజి లేచాడు. డబ్బా తీసుకెళ్లి, స్టవ్వులో పోసుకోమని గురువుగారి భార్యకి ఇచ్చి వచ్చాడు. బొమ్మలు సర్దుతూ, సగం చెక్కిన మూడోదాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది ఏ మూటలోదయ్యా?"

ఖండోజి ఆ తోలు మీద వేలితో మెల్లగా తడిమాడు.

"ఇంకా ఆరలేదురా నాయనా. తడి బొమ్మని ఏ మూటలోనూ కట్టం. ఇట్లా నా పక్కన పెట్టు."