కంబగిరి రెడ్డి చరణం

మా మల్లప్ప అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ఆయన చెప్పులు వేసుకున్నారంటే అడిగినవాడు వెంట నడవాలన్నమాట. పక్కన కూర్చున్న మాలాంటివాళ్ళం కూడా లేచి బయలుదేరేవాళ్ళం. ఎందుకంటే అట్లాంటి నడకల్లో చూసిన వింతలు మఠంలో కూర్చుని విన్న వేదాంతంలో మాకు ఎన్నడూ దొరకలేదు.

ఒకనాడు ఓబుళపతి అడిగాడు. ఓబుళపతి అంటే కొట్టాలపల్లె పెద్దింటి రెడ్డి. ముత్తాత చెన్నప్ప ఊరికి మొట్టమొదటి ప్రెసిడెంటు. తాత రామలింగప్ప సమితి ప్రెసిడెంటు. నాయన కంబగిరి రెడ్డి ఎమ్మెల్యే. ఆ నాయన పోయి ఏడాది కావస్తోంది. ఎలక్షన్లు ముంగిట్లో ఉన్నాయి, పార్టీవాళ్ళు టికెట్టు నీకే అంటున్నారు. మనిషి మంచివాడే లెండి, గురువు ముందు మనసులో మాట దాచుకునే రకం కాదు.

“సామీ, టికెట్టు నా మొగం చూసి ఇవ్వడం లేదు, మా వంశం చూసి ఇస్తున్నారు. తీసుకోవచ్చునా? నాలుగెకరాల చేను వచ్చినట్టు పెద్దవాళ్ళ గొప్పతనం కూడా కొడుకుకు వస్తుందా?”

అయ్యవారు కాస్త ఆలోచించి, “మీ యింటికి వంశం చెప్పేవాళ్ళు ఎప్పుడొస్తారు?” అన్నారు.

“రేపే సామీ.”

“అయితే చెప్పులు కూడా రేపే.”

మీలో ఈ ఆచారం తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతాను. మా వైపు పెద్ద కుటుంబాలకు వంశం చెప్పేవాళ్ళని ఉంటారు. పండగలకూ పెళ్ళిళ్ళకూ వచ్చి, గుమ్మెట వాయిస్తూ మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి తరతరాల పేర్లూ పాడతారు. పోయిన ఒక్కొక్క పెద్దకు ఒక్కొక్క చరణం. ఇంటి పెద్ద కన్నుమూసిన ఏడాదికి వచ్చి, ఆయనకు కొత్త చరణం కడతారు. అది కట్టే పద్ధతి ఉంది చూశారూ, అదీ అసలు సంగతి. ఆయన చేసిన పని ఒకటి ఇంటివాళ్ళు చెప్పాలి. ఊరు “ఔను” అనాలి. ఊరంటే మనవాళ్ళు మాత్రమే కాదు, ఎదుటి పక్షంవాళ్ళు కూడా. ఎంత పగ ఉన్నా ఆ పూట పిలవాలి, పిలిస్తే రావాలి. రెండు పక్షాలూ పలికితేనే ఆ మాట పాటలోకి ఎక్కుతుంది.

మరునాడు మేం పోయేసరికి పెద్దింటి ముందు షామియానా, మైకు, కుర్చీలు. ఓబుళపతి అనుచరులు ఫోటోగ్రాఫర్ని కూడా పిలిపించారు. ఎదుటి వరసలో కేశన్న తన మనుషులతో బిగుసుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు కంబగిరి రెడ్డిని ఓడించినవాడు ఆయనే, ఈసారి ఓబుళపతి మీద నిలబడబోయేదీ ఆయనే. పక్కన వాళ్ళమ్మ సుంకులమ్మ, ఒళ్ళో వక్కాకు సంచి.

వంశం చెప్పే పోతులయ్య మైకు పక్కకు జరిపేసి గొంతెత్తాడు. అబ్బ, ఏం గొంతు! కరువు ఏట తన దొడ్డిలో ఎద్దుల్ని ఊరందరి మడకలకూ కట్టించిన చెన్నప్పా అని పాడితే రెండు వరసలవాళ్ళూ “ఔను” అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. చెన్నప్ప ఎద్దుల్ని చూసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. వాళ్ళ తాతలు పలికిన ఔనుకు వీళ్ళు ఔను పలుకుతున్నారు!

తర్వాత రామలింగప్ప. పోతులయ్య పేరు చెప్పి, గుమ్మెట మీద ఒక్క దెబ్బ కొట్టి ముందుకు సాగిపోయాడు. ఓబుళపతి ఇంటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

అయ్యవారు పాట ఆపమని చెయ్యెత్తారు. “పోతులయ్యా, ఆయనకు మాట లేదేమి?”

“దరువుంది కదా సామీ,” అన్నాడు ఓబుళపతి నవ్వుతూ. “మా తాతకొక్కడికే దరువు. అంత గౌరవం ఇంకెవరికీ లేదని మా నాయనమ్మ చెప్పేది.”

పోతులయ్య తల వంచుకున్నాడు. “గౌరవం కాదు రెడ్డీ. ఆయనకు చరణం కట్టేదానికి మా నాయన వచ్చి అడిగినాడంట. ఊరు పలకలేదు. మాట లేనోళ్ళకు మేము దరువేసి దాటుకుంటాము. మీరు చప్పట్లు కొడుతుంటే చెప్పేదానికి మాకు నోరు రాలేదు.”

సమితి ప్రెసిడెంటుగా జిల్లా అంతా తిరిగిన మనిషండీ! ఆ దరువు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో రెండు తరాలుగా చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు ఓబుళపతి నాయన వంతు మరి. ఊరు పలకకపోతే కంబగిరి రెడ్డికి కూడా ఒక దెబ్బ వేసి దాటేస్తారు, అదీ ఇంతమంది ముందర.

“మీ నాయన మాట చెప్పు రెడ్డీ,” అన్నాడు పోతులయ్య.

“ఎమ్మెల్యేగా గెలిచినాడు.”

“పదవులు పాటకు ఎక్కవప్పా.”

“రోడ్డు వేయించినాడు.”

ఓబుళపతి పక్షం ఔనంది. అటు వరస నుంచి ఎవడో, “వేసినాడు, వాళ్ళ చేనుకాడికి!” అన్నాడు. నవ్వులు లేచాయి.

“బడి కట్టించినాడు…” సగం జనం పలికి సగం పలకలేదు. పోతులయ్య చెయ్యి గుమ్మెట మీదికి పోయింది. ఓబుళపతి చూపు ఆ చేతిమీదే ఉంది.

“ఉండు పోతులయ్యా, తొందరేమి నీకు?”

సుంకులమ్మ! వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు నెట్టి లేచి నిలబడింది. “ఈ ఓబుళపతి నాయన మా కేశన్న చేతిలో ఓడిపోయిన దినం ఆయన మనుషులు గొడ్డండ్లు తీసుకొని మా చీనీ తోట మీదికి వచ్చినారు. కాపు మీదుండే చెట్లు. అంతకుముందే ఆయన వచ్చి తోటలో మంచమేసుకొని పండుకోనుండాడు. నన్ను దాటి పోయి నరకండి అన్నాడు. వాళ్ళ కోపాలు చల్లారేదాకా యింటికి పోలేదు. మా సంగటే తిన్నాడు. ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టినాడు కూడా.”

“ఓడిన సిగ్గుతో నాయన ఊరిడిచి పోయినాడని…” అన్నాడు ఓబుళపతి. “మా యింట్లో ఆ దినాల మాటే ఎత్తరు.”

“యెట్ల ఎత్తుతారు? పగోళ్ళ సంగటి తిన్నాడని మీ పక్షమోళ్ళకు నామోషీ,” అంది ఆమె. కొడుకు వైపు తిరిగి, “కేశన్నా, ఔనా కాదా?”

కేశన్న నేల చూపులు చూస్తున్నాడు. పాపం, ఆయన ఇబ్బంది చూడండి. ఆ ఒక్క మాటతో ఎదుటివాడికి ఎన్ని ఓట్లు పడతాయో తెలిసినవాడు. వెనక నుంచి ఆయన మనిషి, “అన్నా, వద్దన్నా,” అంటూ చొక్కా లాగుతున్నాడు.

కేశన్న ఆ చెయ్యి విదిలించి లేచాడు. “ఔను,” అన్నాడు. మళ్ళీ గట్టిగా, “ఔను, పండుకున్నాడు!”

ఇక ఆ రెండు వరసలూ కలిసి పలికిన ఔను నేనెట్లా చెప్పేది? గొడ్డండ్లు పట్టుకుని పోయినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారండీ, తెల్లమీసాలతో. వాళ్ళు అందరికంటే పెద్దగా అరిచారు. పోతులయ్య కళ్ళు తుడుచుకుని అక్కడికక్కడే కట్టాడు: “ఓడిన పూట పగవాని తోటకు కావలి పండుకున్న కంబగిరీ…” షామియానా కింద పిల్లాజెల్లా అందరూ అదే అందుకున్నారు.

తిరుగుదారిలో ఓబుళపతి ఊరి పొలిమేర దాకా వచ్చాడు. అయ్యవారి కాళ్ళకు దండం పెట్టి, “సామీ, ఇంతకీ టికెట్టు తీసుకొనేదా, వద్దా?” అన్నాడు.

అయ్యవారు మళ్ళీ నడక అందుకుంటూ అన్నారు:

“అది నీ యిష్టం నాయనా. గెలిస్తే యాడ కూచోవాలో పార్టీవాళ్ళే చూపిస్తారు. ఓడితే యాడ పండుకుంటావో, అది చూసుకో.”